మూలబిందువు పైన అరసెంటీమీటరు

"ఒకే స్టాండు, ఒకే దారం, ఒకే ఇనప గుండు. ఆరుగురు పిల్లలు ఆ లోలకాన్ని ఊపి లెక్క కట్టారు. ఐదుగురికి ఒకే జవాబు వచ్చింది. ఆరో పిల్లకి వేరే వచ్చింది. ఇప్పుడు చెప్పండి, గుండుని నిజంగా ఊపింది ఎందరు?" అని అడిగింది సుభాషిణమ్మ.

"ఆరుగురూ ఊపారని నువ్వేగా అన్నావు అమ్మమ్మా," అన్నాడు తొమ్మిదో తరగతి ధీరజ్.

"నేనన్నాను. నువ్వు చూశావా?"

అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా మరో ప్రశ్న వేయడం ఆమెకి ముప్పైమూడేళ్ల లెక్చరరు ఉద్యోగంలో పట్టుబడిపోయింది. రిటైరై పదిహేనేళ్లయినా వదల్లేదు. అసలు ప్రశ్న హిమజది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్లకి తెల్లవారితే ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్ష. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూనే వసారాలో అమ్మమ్మ ముందు, రేపు ఇవ్వాల్సిన రికార్డులోని గ్రాఫు కాగితం పరిచింది. ఏడు చుక్కలున్నాయి. ఆరు గీత మీద బుద్ధిగా కూచున్నాయి. ఒకటి మాత్రం గీతకి దూరంగా, ఎవరితోనూ మాటల్లేనట్టు విడిగా ఉంది.

"మా సారు చూసి, చుక్కలన్నీ గీత మీదే ఉండాలి, లేకపోతే మార్కు పోతుంది అన్నారు. అందరూ చెరిపేసి మళ్లీ పెట్టుకున్నారు. నేనొక్కదాన్నే ఇలా ఉంచాను. చెరిపేయనా అమ్మమ్మా?" అంది హిమజ. చేతిలో రబ్బరు సిద్ధంగానే ఉంది.

"రెండు గళ్లు కిందకి జరిపితే సరిపోయేదానికి ఇంత చర్చ ఎందుకే? దానికేమైనా నొప్పి పుడుతుందా?" అన్నాడు ధీరజ్.

మునగాకు దూస్తున్న సుభాషిణమ్మ చేతులు ఆగాయి. సగం ఒలిచిన రెమ్మని చేటలో పెట్టి మనవడి వంక కాసేపు చూసింది. అప్పుడడిగింది, గుండుని నిజంగా ఊపింది ఎందరని. ఆపైన తను ఉద్యోగంలో చేరిన మూడో ఏట జరిగిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడామెకి ఇరవై ఏడేళ్లు. రైల్వే లైను పక్కనున్న చిన్న ఊళ్లో ఆడపిల్లల జూనియర్ కాలేజీ. ల్యాబ్ అంటే ఒక పొడుగాటి గది, నాలుగు బల్లలు, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా. లోలకం కట్టే స్టాండు ఒక్కటే ఉండేది. రెండుగా చీల్చిన కార్కు మధ్య దారం పెట్టి స్టాండుకి బిగించేవారు. కార్కు కింది అంచు నుంచి గుండు మధ్య వరకు ఎంతుంటే అది లోలకం పొడవు. పొడవు మారుస్తూ, ఇరవై ఊపులకి ఎంత సేపు పట్టిందో చూసి, ఒక్క ఊపుకి పట్టిన కాలం తీసి, దాన్ని వర్గం చేసి, పొడవు అడ్డంగా, అది నిలువుగా పెట్టి గ్రాఫు గీయాలి. గీత తిన్నగా రావాలి, రెండు సున్నాలూ కలిసే మూలబిందువు గుండా పోవాలి. పుస్తకంలో అలాగే ఉంటుంది.

ఆ కాలేజీలో అలాగే వచ్చేది కూడా. ఎందుకంటే అక్కడొక ఆచారం ఉంది. మొదటి బ్యాచిలో చదివిన ఒకమ్మాయి రికార్డు పుస్తకం ఏటా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చేది. దానికి పెద్దక్క రికార్డు అని పేరు. అట్ట ఊడిపోతే ఎవరో పాత క్యాలెండరు కాగితం అంటించారు. ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు పిల్లలు దాన్ని వంతులవారీగా చదివి రీడింగులు కంఠతా పట్టేవారు. పరీక్షలో గుండు ఊగుతూ ఉండేది, స్టాప్‌వాచీ తిరుగుతూ ఉండేది, పిల్లలు మాత్రం పెద్దక్క అంకెలు రాసేవారు. సుభాషిణికి ఆ సంగతి చేరిన మొదటి ఏడే తెలిసింది. అడగలేదు. కాలేజీకి మంచి ఫలితాలు వచ్చేవి, ప్రిన్సిపాలు సంతోషంగా ఉండేవారు, తనా కొత్తది.

అయినా ఒక్క పాఠం మాత్రం ఆమె మనసు పెట్టి చెప్పింది. "వాచీ నొక్కేటప్పుడు మన వేలు కొంచెం ముందో వెనకో అవుతుంది. ఏ కొలతకైనా ఆ తడబాటు తప్పదు. అది ఎంత ఉండొచ్చో లెక్కగట్టి, ప్రతి చుక్కకీ పైకీ కిందకీ అంత పొడుగున సన్నటి నిలువు గీత గీయండి. నాకు తెలిసింది ఇంతవరకే అని ఒప్పుకోవడం అది. ఆ నిలువు గీతలన్నిటినీ తాకుతూ ఎంత నిటారుగా వీలైతే అంత నిటారుగా ఒక గీత, ఎంత వాలుగా వీలైతే అంత వాలుగా ఇంకొకటి గీసి చూడండి. నిజం ఆ రెండిటి మధ్యా ఎక్కడో ఉంటుంది," అంది. వెనక బెంచీ నుంచి ఎవరో, "చుక్కలకి నామాలు పెట్టమంటున్నారే మేడమ్!" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసింది. పరీక్షలో అడిగేది కాదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

ఒక్క సన్యాసమ్మ రాసుకుంది.

సన్యాసమ్మ రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. మూడు స్టేషన్ల అవతల నుంచి పాసింజరులో వచ్చేది, పాసింజరులో పోయేది. పొద్దున బండి ఆలస్యమైతే మొదటి క్లాసు పోయేది, సాయంత్రం బండి కోసం చివరి క్లాసు మధ్యలో లేచేది. అందుకని ఆమెకి స్నేహాలు కుదరలేదు. క్యారియర్ తెచ్చుకుని మెట్ల కింద కూచుని తినేది. కిందటేడు టైఫాయిడ్ వచ్చి ప్రాక్టికల్ రాయలేకపోయింది. ఈ ఏడు కూడా తప్పితే జూట్ మిల్లులో చేరాల్సిందేనని తండ్రి ఖండితంగా చెప్పేశాడు. మేనత్త అప్పటికే అక్కడ మేస్త్రీతో మాట్లాడి ఉంచింది. పెద్దక్క రికార్డు ఆ పిల్లకి ఎవరూ ఇవ్వలేదు. ఆ పిల్లా అడగలేదు.

పరీక్షలు మూడు రోజులు జరిగాయి. పరీక్షాధికారిగా వేరే ఊరి నుంచి పరాంకుశం గారని ఒక పెద్దాయన వచ్చారు. పిల్లల్ని కసరడం ఎరగని మనిషి. చెమట పడితే పిల్లలకే విసనకర్ర ఇచ్చేవారు. ఎవరు ఏ ప్రయోగం చెయ్యాలో చీటీ తీసి తేల్చేవారు; స్టాండు ఒక్కటే కనక లోలకం చీటీ పొద్దున ఒకరికీ మధ్యాహ్నం ఒకరికీ వచ్చేది. మొదటి ఐదుగురి గీతలూ మూలబిందువు గుండా దారం పట్టి లాగినట్టు పోయాయి. మూడో రోజు మధ్యాహ్నం ఆరో చీటీ సన్యాసమ్మకి వచ్చింది.

ఆ పిల్ల ఒక్కో పొడవుకి మూడేసి సార్లు ఊపింది. పెదాలు కదుపుతూ ఇరవై దాకా లెక్కపెడుతుంటే పక్క బల్ల దగ్గరి పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. తక్కినవాళ్లు కాగితాలిచ్చి వెళ్లిపోయాక కూడా ఆ పొడుగాటి గదిలో గుండు ఊగుతూనే ఉంది. చివరికి కాగితం ఇచ్చింది. ప్రతి చుక్కకీ నామం ఉంది. నిటారుగా ఒక గీత, వాలుగా ఒక గీత, మధ్యలో అసలు గీత ఉన్నాయి. మూడిట్లో ఒక్కటి కూడా మూలబిందువుని తాకలేదు. అసలు గీత అయితే దానికి అరసెంటీమీటరు పైనుంచి పోయింది. పట్టికలోని అంకెలతో కట్టిన జవాబు, అంటే గురుత్వ త్వరణం, తొమ్మిదివందల ఎనభై రావాలి, తొమ్మిదివందల నలభై వచ్చింది.

పరాంకుశం గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈ గీత మూలబిందువు గుండా పోవాలి కదమ్మా?"

"పోవాలండి."

"మరి పోలేదేం?"

"పోలేదండి."

"అదే, ఎందుకు పోలేదు?"

"తెలీదండి. తడబాటుకి వదలాల్సింది వదిలేసి చూసినా పోలేదండి."

ఆయన నిట్టూర్చారు. ఆ పిల్ల కిందటేడు తప్పిందని హాల్‌టికెట్టు చూసి తెలుసుకున్నట్టున్నారు. గొంతు తగ్గించి, "రబ్బరుంది కదా తల్లీ. ఐదు నిమిషాలు నేనటు తిరిగి కూచుంటాను. గీతని కాస్త కిందకి దించు," అన్నారు.

సన్యాసమ్మ రబ్బరు తీసింది. తీసి, సుభాషిణి వంక చూసింది. నామాల పాఠం చెప్పిన మనిషి ఒక్క మాట అంటుందేమోనని చూసింది. "ఉండనివ్వు" అన్నా చాలు, "దించెయ్" అన్నా చాలు. సుభాషిణి నోరు విప్పితే ఈ గీత ఇలా ఎందుకొచ్చిందన్న మాటతో ఆగదు, మిగతా ఐదు గీతలూ అలా ఎందుకొచ్చాయన్న మాట కూడా వస్తుంది. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికేమీ లేదు, సైకిల్ స్టాండు తప్ప.

ఐదు నిమిషాలూ ఆ పిల్ల రబ్బరు పట్టుకునే కూచుంది. తర్వాత దాన్ని జామెట్రీ బాక్సులో పెట్టేసి, కాగితం అడుగున ఒక వాక్యం రాసి ఇచ్చి, బండికి టైమవుతోందని వెళ్లిపోయింది. 'గీత మూలబిందువు గుండా పోలేదు. కారణం నాకు తెలియదు' అని రాసింది. పరాంకుశం గారు గ్రాఫుకి, జవాబుకి, నోటి ప్రశ్నలకి మార్కులు తగ్గించారు. కూడితే పాసుకి రెండు తక్కువయ్యాయి. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, మళ్లీ కూడారు. రెండే తక్కువ. కాగితాలన్నీ గుడ్డ కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, సంచీ తీసుకుని స్టేషనుకి బయల్దేరారు.

సుభాషిణి ఒక్కతీ ల్యాబ్ సర్దడానికి మిగిలింది. బల్ల మీద సన్యాసమ్మ చిత్తుకాగితం కనబడింది. ఊరికే, చెయ్యి ఆగక, ఆ అంకెలతోనే ఇంకో గ్రాఫు గీసింది. గీత నిజంగానే మూలబిందువు పైనుంచి పోయింది. దాన్ని ఎడమవైపుకి పొడిగించింది. అది పొడవుల గీతని తాకిన చోటు లెక్కకి సున్నాకి రెండున్నర సెంటీమీటర్లు అవతల తేలింది. అంటే ప్రతి లోలకం ఆ పిల్ల కొలిచినదానికన్నా రెండున్నర సెంటీమీటర్లు పొడుగ్గా ఉండాలి. స్కేలు సరిగ్గానే ఉంది. గుండు సరిగ్గానే ఉంది. ఆమె బల్ల మీద మోకాలు ఆనించి పైకెక్కి కార్కు చూసింది. పైకి బాగానే ఉంది. కింద వేలు పెట్టింది. ఏళ్ల తరబడి దారం రాసుకుని రాసుకుని కార్కు లోపల అరిగిపోయింది. రెండు చెక్కలూ కింద నోరు తెరుచుకుని, పైన మాత్రమే దారాన్ని పట్టుకుంటున్నాయి. జడలోంచి పిన్ను తీసి ఆ సందులోకి దూర్చింది. ఎంత లోపలికి వెళ్లిందో గోటితో గుర్తుపట్టి స్కేలు మీద పెట్టి చూసింది. రెండున్నర సెంటీమీటర్లు.

"అంటే లోలకం కార్కు కింది నుంచి ఊగలేదు. లోపలి నుంచి ఊగింది!" అంది హిమజ. ఆ పిల్ల చేతిలో రబ్బరు ఎప్పుడు కింద పడిందో పడిపోయింది.

"అవును. కంటికి కనపడనిది ఆ పిల్ల గీతలో కనబడింది. అదే కార్కుతో ముందు ఐదుగురు పరీక్ష రాశారు. ఏళ్ల తరబడి ఎందరో రాశారు. ఒక్కరికీ ఆ రెండున్నర సెంటీమీటర్లు తగల్లేదు."

"ఎవరూ నిజంగా ఊపలేదు గనక," అన్నాడు ధీరజ్ నెమ్మదిగా.

సుభాషిణి కార్కు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుని రిక్షా ఎక్కింది. స్టేషనులో పరాంకుశం గారు టీ తాగుతున్నారు. ఎదుటి ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద సన్యాసమ్మ ఒళ్లో క్యారియర్ పెట్టుకుని తన బండి కోసం కూచుని ఉంది. సుభాషిణి చెప్పింది విని, పెద్దాయన కార్కుని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. పిన్ను దూర్చి చూశారు. టీ చల్లారిపోయింది.

"ఆ అమ్మాయికి అన్యాయం చేశానమ్మా. ముద్ర పగలగొడతాను. కానీ పగలగొట్టినందుకు కారణం మీరే రాసి సంతకం పెట్టాలి," అన్నారు. "రాస్తానండి," అంది. కవరు విప్పి కాగితం బయటికి తీశాక ఆయన చెయ్యి ఆగింది. "మిగతా ఐదుగురూ చేసింది ఈ కార్కుతోనేనా?"

"దీంతోనేనండి."

"మరి వాళ్ల గీతలు..."

ఆయన మాట పూర్తిచెయ్యలేదు. కావాలనే ఆపారు. అక్కడితో వదిలేద్దామంటే వదిలేయొచ్చు అన్నట్టు ఆమెకి ఒక సందు ఇచ్చారు. సుభాషిణి మళ్లీ ఎటో చూసింది. ఈసారి ఎటు చూసినా పట్టాల అవతల ఆ బెంచీయే కనబడింది. "అదీ రాస్తానండి," అంది.

ఇద్దరూ ఆ కాగితం మీద వంగి రాసుకుంటుంటే పట్టాల అవతలి నుంచి సన్యాసమ్మ చూస్తూనే ఉంది. తన కాగితం పోల్చుకుంది. మధ్యాహ్నం నోరు మెదపని టీచరు ఇప్పుడు స్టేషను దాకా వచ్చి, పరీక్షాధికారి చెవిలో ఏదో చెప్పి, కట్టిన కవరు విప్పిస్తోంది, తన మీద ఏదో చాడీ చెప్పినట్టే. సుభాషిణి లేచి, వంతెన ఎక్కి అటు వెళ్దామనుకుంది. అంతలో పాసింజరు వచ్చి మధ్యలో నిలబడింది. కదిలి వెళ్లిపోయాక బెంచీ ఖాళీగా ఉంది.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. సన్యాసమ్మ పాసైంది. ఐదుగురు పిల్లలు ఎండల్లో మళ్లీ వచ్చి కొత్త కార్కుతో పరీక్ష రాసి, వాళ్లూ పాసయ్యారు. పెద్దక్క రికార్డు ఏమైందో తెలీదు. ప్రిన్సిపాలు సుభాషిణిని పిలిచి, "ఒక్క పిల్ల కోసం కాలేజీ పేరు బజారున పెట్టారు. ముందు మీకు తెలీదా? తెలిస్తే అప్పుడేం చేశారు?" అన్నారు. స్టాఫ్ రూములో ఆమె అడుగు పెడితే, "ధర్మకాటా వచ్చింది, జరగండి జరగండి" అని ఎవరో అనేవారు, తక్కినవారు నవ్వేవారు. కొన్నాళ్లకి నవ్వడం కూడా మానేశారు. ఆమె క్యారియర్ పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లి, లోలకం స్టాండు ఉన్న బల్ల దగ్గర తినడం అలవాటు చేసుకుంది. బదిలీ అయ్యేదాకా పదకొండేళ్లు అక్కడే తింది. ఒక్కోసారి ఏమీ తోచక గుండుని ఊపి, ఇరవై దాకా లెక్కపెట్టుకునేది.

"మరి సన్యాసమ్మ?" అని హిమజ అడిగింది.

"ఎనిమిదేళ్ల తర్వాత కనబడింది. రైల్వేలోనే ఉద్యోగం, టికెట్ల కౌంటర్లో. నేను లైన్లో నాలుగోదాన్ని. దూరం నుంచే పోల్చుకున్నాను. నా వంతు వచ్చింది. తలెత్తి చూసింది. తనూ పోల్చుకుంది. 'ఎక్కడికండి?' అంది. చెప్పాను. టికెట్టు ముందుకి తోసింది. కిటికీలో చెయ్యి అలాగే ఉంచాను, ఏమైనా అంటుందేమోనని. 'తరవాత' అంది. నా వెనకాయన నన్ను తప్పించుకుని ముందుకొచ్చాడు."

"అయ్యో, నీవల్లే పాసైందని తెలీదా తనకి? చెప్పొచ్చు కదా అమ్మమ్మా!"

"ఏం చెప్పాలమ్మడూ? నువ్వు నా వంక చూసినప్పుడు నేను సైకిల్ స్టాండు చూశాననా? అది తనకి తెలుసు. స్టేషనులో మాత్రం నిన్ను నిలబెట్టానని చెబితే, అది కృతజ్ఞత అడుక్కోవడం కాదూ? తను రెండుసార్లు నన్ను చూసింది. రెండుసార్లూ తనకి అందిన రీడింగు అదే. దాన్నిబట్టే గీత గీసుకుంది. ఇప్పుడు నేను వెళ్లి దాన్ని చెరిపి దిద్దమనడం ఏం న్యాయం?"

హిమజ కింద పడిన రబ్బరు తీసి బాక్సులో పెట్టలేదు, చేత్తోనూ పట్టుకోలేదు. గ్రాఫు కాగితం దగ్గరికి లాక్కుని, విడిగా ఉన్న ఆ ఏడో చుక్కని ఇంతకుముందు చూడనట్టు చూసింది. ఆ రీడింగు తీసేటప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు వేళ్లమీద ఏదో లెక్కపెట్టింది. తర్వాత పెన్సిలు చెక్కుకుని, చుక్కకి పైకీ కిందకీ సన్నటి నిలువు గీత ఒకటి గీసింది.

"అది పెడితే రేపు మార్కు ఇస్తారా?" అన్నాడు ధీరజ్. ఎగతాళి లేదు ఆ గొంతులో.

సుభాషిణమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. చేట చంకన పెట్టుకుంది. సగంలో ఆపిన రెమ్మ అప్పటికే వాడు మొహం వేసింది. మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చే వేళయింది, ఇంకా నాలుగు రెమ్మలు దూయాలి, పప్పు పొయ్యి మీద పెట్టాలి అంటూ వంటింటి వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి మనవడి వైపు తిరిగింది.

"ఇందాక నువ్వన్నది నిజమే నాన్నా," అంది. "జరిపితే చుక్కకేం నొప్పి పుట్టదు."